ఎల్లారెడ్డిలో ఆగిపోయిన ప్రయాణం

“ఆ రైలు నడిమిట్ల ఆగి, తలుపులు తెరుసుకోకపోతె ఏం జేస్తరు బిడ్డా?”

ఆదివారం పొద్దున తాగిన చాయ్ గ్లాసులు ఇంకా అక్కడే ఉన్నాయి. ఒడిలో చాట పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరిస్తున్న లక్ష్మీనర్సమ్మ, ఎవరూ ఏమీ అనకముందే ఆ మాట అన్నది. ఎదురుగా మంచం మీద ఆమె ఒక్కగానొక్క కూతురు ప్రవళిక తెల్లకాగితం పరుచుకుని, ఫోన్‌లో చూసి రైళ్ళ వేళలు రాసుకుంటోంది.

“బటన్ వత్తితె తెరుసుకుంటయమ్మా.”

“బటన్ పని చెయ్యకపోతె?”

“అమ్మా!”

ప్రవళికకు ఇరవై ఏడేళ్ళు. ఉన్న ఊరు కామారెడ్డిలోనే బ్యాంకు ఉద్యోగం. కాలేజీ స్నేహితులు సుష్మిత, అనిలలతో కలిసి ఏప్రిల్‌లో పదిహేను రోజులు యూరప్‌లో రైళ్ళ మీద తిరగాలని రెండేళ్ళుగా అనుకుంటోంది. అక్కడ చలి తగ్గి పూలు విచ్చేది ఆ నెలలోనేనట. కాగితం మీద అయిదు ఊళ్ళ పేర్లున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో పూల తోటలు. కొలోన్‌లో నాలుగు గంటలు. స్ట్రాస్‌బర్గ్‌లో రెండు రాత్రులు. తర్వాత లూసర్న్, చివర వెనిస్.

“ఒక్క రైలెక్కి ఒక్క కాడ దిగరాదు? నడుమ నడుమ గిన్ని కాడ్ల దిగుడెందుకు?”

“ఆ దిగుడే మజా. కొలోన్ల స్టేషన్ పక్కకే పెద్ద చర్చి ఉంటది. సామాను లాకర్ల పెట్టి, చూసి, మళ్ళ రైలెక్కుతం.”

“సామాను పెట్టినంక అది తెరుసుకోకపోతె?”

నల్లా దగ్గర గడ్డం గీసుకుంటున్న భూపాల్ నురగ మొహంతోనే నవ్వాడు. పన్నెండేళ్ళు మస్కట్‌లో పనిచేసి వచ్చి, ఇప్పుడు పెయింట్ల దుకాణం నడుపుతున్నాడు.

“హైదరాబాద్ పోతె మనం తూప్రాన్ కాడ చాయ్‌కి దిగమా? గిదీ గంతే.”

“తూప్రాన్ల మనోళ్ళుంటరు. అక్కడ ఎవలున్నరు?”

“పోచారం చెర్వు కాడికి పోదమన్నా గిదే ముచ్చట జెప్తది,” అన్నాడు భూపాల్ కూతురితో. “నువ్వు రాసుకో బిడ్డా.”

లక్ష్మీనర్సమ్మ ఆకును రెండుసార్లు తప్పుగా కత్తిరించింది. ఆమె చదివింది అయిదో తరగతి. ఆ పేర్లు కూడబలుక్కుని చదివేసరికే ఒక్కో ఊళ్ళో ఒక్కో ఆపద కనిపించింది. ఒక చోట చలికి పిల్ల పడిపోయింది. ఒక చోట పాస్‌పోర్టు పోయింది. ఇంకో చోట ముగ్గురిలో ఇద్దరు ఎక్కారు, ఒకతె ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయింది. ఆ మిగిలింది ప్రతిసారీ ప్రవళికే.

“వీసా కాగితాలు ఎప్పుడియ్యాలె?” అని అడిగింది.

“వచ్చే గురువారం. హైదరాబాద్ల, పదిన్నరకు.”

“బేస్తారమా? బేస్తారం దక్షిణం దిక్కు పోవద్దు బిడ్డా.”

“వాళ్ళ ఆఫీసుల దిక్కులు లేవమ్మా. టోకెనే,” అని ప్రవళిక నవ్వి మళ్ళీ కాగితం మీదికి వంగింది.

గురువారం తెల్లవారుజామున అయిదింటికే ప్రవళిక తయారైంది. ఇస్త్రీ చేసిన డ్రెస్సు, జడ, భుజానికి సంచి. అల్మారా తెరిచింది. కాసేపటికి పరుపు ఎత్తింది. ఆపైన బట్టలన్నీ కింద పడేసింది.

“అమ్మా, ఫైలేది? నీలం ఫైలు. పాస్‌పోర్టు అండ్లనే ఉన్నది.”

పొయ్యి దగ్గర లక్ష్మీనర్సమ్మ వెనక్కి తిరగలేదు.

“ఎల్లారెడ్డిల ఉన్నది.”

“ఏంది?”

“మీ అత్తమ్మోళ్ళింట్ల. దేవుని కాడ పెట్టొచ్చిన నిన్న. పరస్థానం.”

దినం మంచిది కాకపోతే, ముందే మంచి దినం చూసి ప్రయాణానికి సంబంధించిన వస్తువేదైనా వేరే ఇంట్లో పెడతారు. అలా పెడితే ఆ రోజే బయల్దేరినట్టు లెక్క. భూపాల్ మస్కట్‌కు వెళ్ళిన ప్రతిసారీ లక్ష్మీనర్సమ్మ అదే చేసింది. ప్రతిసారీ అతను తిరిగివచ్చాడు. ఆమెకు అంతకు మించిన రుజువు అక్కర్లేదు.

“మొదటి బస్సుకు మీ అత్తమ్మ పంపుతదనుకున్న,” అంది నెమ్మదిగా.

భూపాల్ అప్పటికే ఎల్లారెడ్డిలోని చెల్లెలు చిన్నవ్వకు ఫోన్ చేస్తున్నాడు. ఆమె ఇంట్లో లేదు. పెద్దకొడప్‌గల్‌లో పెళ్ళి ఉంటే ఇంటికి తాళం వేసి, నిన్న సాయంత్రమే వెళ్ళిపోయింది. తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. భూపాల్ చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే బండి తీశాడు. అంత దూరం పోయి చెవి తీసుకుని, మళ్ళీ ఎల్లారెడ్డి వచ్చి తాళం తీసి, ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది.

అప్పటిదాకా ప్రవళిక సంచి భుజానికి తగిలించుకునే గడప మీద కూర్చుంది. తండ్రి ఇచ్చిన ఫైలు తెరిచి, కాగితాలు ఒక్కొక్కటే చూసి మూసేసింది. అందులో పసుపు కొమ్ములు రెండున్నాయి. వాటిని తీసి కింద పెట్టింది.

“మళ్ళ తారీఖు ఎప్పుడున్నది బిడ్డా?” అన్నాడు భూపాల్.

“మే ఆఖర్ల. అప్పటికి పూలుండవు. వాళ్ళిద్దరికీ వీసాలొచ్చినయి. వాళ్ళు పోతరు.”

అప్పుడు ప్రవళిక లేచి తల్లి ఎదుటికి వచ్చింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని లక్ష్మీనర్సమ్మకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

“బాపు మస్కట్ పోయినప్పుడు పరస్థానం ఏం పెట్టినవు?”

“తువ్వాల.”

“ఏడ పెట్టినవు?”

“పక్కింట్ల.”

“మరి నాకు తువ్వాల సరిపోలేదా? పక్కిల్లు సరిపోలేదా? పాస్‌పోర్టే గావాల్నా? బస్సెక్కి ఎల్లారెడ్డే పోవాల్నా?”

“ఊరు దాటిచ్చి పెడితె ఇంక మంచిదని…”

“బాపు పోతె ఇల్లు నడిచింది. నేను పోతె ఏమొస్తది, గంతేగదా?”

“గట్లెందుకంటున్నవు బిడ్డా! నీ మంచికే గదా…”

“నువ్వు భయపడ్తవని పదో తరగతిల టూర్ పోలె. నువ్వు భయపడ్తవని హైదరాబాద్ కొలువు ఒద్దనుకున్న. ఒక్క పదిహేను దినాలమ్మా. నా జీతంతోని, నా సెలవులల్ల.” సంచి భుజం మీంచి దించింది. “ఒక్కటే చెప్పు. అత్తమ్మ తాళమేసి పోతదని నీకు తెలుసా, తెల్వదా?”

లక్ష్మీనర్సమ్మ నోరు తెరిచి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అత్తమ్మనడిగితె ఒక్క నిమిషంల చెప్తది. నేనడగ. నువ్వే చెప్పాలె,” అని ప్రవళిక మధ్యాహ్నం బ్యాంకుకు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో గొడవేమీ లేదు. ప్రవళిక వేళకు తిన్నది, వేళకు వెళ్ళింది, వేళకు వచ్చింది. ‘వస్తున్న’ అని, ‘చాలు’ అని, ‘ఊఁ’ అని తప్ప తల్లితో మరో మాట లేదు. భూపాల్ రెండు మూడుసార్లు నవ్వించబోయి, తనే నవ్వి ఊరుకున్నాడు. లక్ష్మీనర్సమ్మ కూతురికి ఇష్టమని సర్వపిండి చేసింది. ప్రవళిక రెండు ముక్కలు తిని ప్లేటు కడిగి పెట్టింది. తినకుండా లేచిపోయినా ఇంత బాధ ఉండేది కాదు.

చాట ముందు కూర్చున్నప్పుడల్లా ఆ ప్రశ్న వచ్చి ఎదురుగా కూర్చునేది. నేను దినం కోసమే పోయిన, అని తనలో తాను అనుకునేది. అది అబద్ధం కాదు. అయినా ఆ మాట అనుకున్న ప్రతిసారీ దాని వెనకాల ఇంకేదో మిగిలిపోయేది. అటు చూడకుండా ఆమె గబగబా ఆకు చుట్టేది.

ఏప్రిల్ రెండో ఆదివారం ఎండ మండిపోతోంది. ప్రవళిక ఫోన్ మోగింది. తెరమీద సుష్మిత, అనిల, వాళ్ళ వెనక కదిలిపోతున్న రైలు కిటికీ.

“ప్రవళీ, కొలోన్ దాటినం! లాకర్ మంచిగనే తెరుసుకున్నదని ఆంటీకి చెప్పు,” అని సుష్మిత నవ్వింది.

“చెప్త. బయట చూపియ్యి.”

కిటికీ అవతల కంటి మేర పచ్చిక, తెల్లగా పూసిన చెట్లు. ఒక చిన్న స్టేషన్‌లో రైలు ఆగింది. నెరసిన జుట్టు ఆడమనిషి ఒకతె కూరల సంచితో తాపీగా దిగి, తలుపు దగ్గర ఎవరికో చెయ్యూపి ఇంటిదారి పట్టింది.

“ఇగో, గిది నీ సీటు. మూడు ముందే బుక్ చేసినం గదా, గిట్లనే ఖాళీగ వస్తున్నది. మేం బ్యాగులు గూడ పెడ్తలేం దానిమీద,” అంది అనిల.

కిటికీ పక్క సీటు. దాని మీద ఎండ పడుతోంది.

“పెట్టుకోండ్రే, ఏమైతది,” అని ప్రవళిక నవ్వింది. ఫోన్ పెట్టేసి, ఆ నవ్వు అట్లాగే ఉన్న మొహంతో గోడవైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతున్నాయి. శబ్దం లేదు. చిన్నప్పుడు ఇంతకన్నా చిన్నవాటికి ఊరంతా వినపడేలా ఏడ్చేది. ఏడిస్తే అమ్మ భయపడుతుందని ఎప్పుడు మానుకుందో లక్ష్మీనర్సమ్మకు గుర్తు రాలేదు.

ఆమె ఒడిలోని చాట పక్కన పెట్టింది. లేచి మంచం దగ్గరికి వెళ్ళింది. కూర్చోబోయి, ధైర్యం చాలక నిలబడిపోయింది. వాకిట్లో భూపాల్ దగ్గాడు. పక్కింట్లో ఎవరో బిందె దించారు. కూతురు ఇటు తిరగలేదు.

“తెలుసు బిడ్డా,” అన్నది లక్ష్మీనర్సమ్మ.

భుజాలు ఆగిపోయాయి.

“మీ అత్తమ్మ పెండ్లికి పోతదని తెలుసు. చీరలు సర్దుకుంటుంటె మడతలు నేనే పెట్టిచ్చిన. దినం కోసమనే బస్సెక్కిన, అది నిజమే. కని ఆమె తాళమేసేదాక వాకిట్లనే నిలవడ్డ. తాళం పడ్డది జూసి… నా పానం నిమ్మళమైంది బిడ్డా.”