అక్క ముందుగా అనే మాట

నేను ఇంతవరకు ఏమీ రాయలేదు. అయిదో తరగతితో చదువు ఆగిపోయింది. నలుగురిలో నోరు విప్పడమే నాకు చేతకాదు, ఇక రాయడమంటే మాటలా? కానీ ఈ సంగతి నోటితో చెప్పడం నావల్ల కాదు. అందుకే రాస్తున్నాను.

అక్కా నేనూ ఇద్దరమే ఉంటాం. జారిపడి నడుం విరిగినప్పటినుంచి అక్క మంచం దిగలేదు. నేను పక్కన కూర్చుని దర్జీ పంపిన చొక్కాలకు కాజాలు కుడతాను. సాయంత్రమైతే టీవీలో ఒక పాత సినిమా పెట్టుకుంటాం. ఎప్పుడూ అదే. కొత్తవి చూస్తే తర్వాత ఏమవుతుందోనని నాకు గుండె దడ. ఇందులో అన్నీ తెలిసిన మొహాలే, ఇంటికి చుట్టాలొచ్చినట్టుంటుంది. తల ఎత్తక్కర్లేదు, కుట్టుకుంటూ వింటే చాలు.

"వీణ్ణి చూడవే, ఎన్నేళ్ళొచ్చినా ఆ గోతిలోనే పడతాడు" అంటుంది అక్క.

"ముందే చెప్పకపోయావా అక్కా?"

"రోజూ చెప్తూనే ఉన్నా. చెవిటి సన్నాసి!"

ఆ సినిమాలో ఒక తల్లి వంటింటి గుమ్మంలో నిలబడి కూతుర్ని పిలుస్తుంది. "రా తల్లీ, భోంచేద్దువుగాని." మా అమ్మ మా చిన్నప్పుడే పోయింది. అందుకేనేమో, ఆ కూతురు బదులిచ్చేలోపే అక్క "వస్తున్నానమ్మా" అనేస్తుంది. అదొక ఆట మాకు.

మొన్న సాయంత్రం వాన పట్టుకుంది. గదంతా తడిసిన గోడల వాసన. ఆ ఘట్టం వచ్చింది.

"రా తల్లీ, భోంచేద్దువుగాని."

"వస్తున్నానమ్మా" అంది అక్క.

తర్వాత కూతురి గొంతు వినపడాలి. వినపడలేదు. సినిమా ఆగిపోయిందేమో అనుకున్నాను. కానీ అందులోని గోడగడియారం టిక్కుటిక్కుమంటూనే ఉంది...

"ఎప్పుడొస్తావు?"

ఆ మాట సినిమాలో లేదు.

తల ఎత్తాను. కూతురు నోరు మూసుకుని పక్కకు తప్పుకుంది. తల్లి ఆ పిల్లను చూడడం లేదు. మా మంచం వైపు చూస్తోంది.

"అక్కా... మాట్లాడకు."

అక్క నా వైపు తిరగలేదు. "చెల్లి ఒక్కతే అయిపోతుందమ్మా" అంది సన్నగా.

"దాన్నీ తీసుకురా."

"వద్దు. దాన్నొదిలెయ్. నేనొస్తాను."

లేచి టీవీ వైరు పీకేశాను. తెర నల్లబడింది, దాంతో గదీ చీకటైంది. వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. అప్పుడు... మా వంటింట్లో... పళ్ళెం పెట్టిన చప్పుడు. వెనకే వేడి వేడి భోజనం వాసన. ఆ పూట నేను పొయ్యి వెలిగించనే లేదు.

"అదిగో, వడ్డించేసింది" అంటూ అక్క కాళ్ళు కిందికి జార్చింది. అన్నాళ్ళూ కదలని కాళ్ళు.

వాటేసుకున్నాను. నా బలం చాలలేదు. చేతికి తగిలింది సూదే. చీకట్లో తడుముకుంటూ దాని నైటీ చేతిని నా నైటీ చేతికి కలిపి కుట్టేశాను. దగ్గర దగ్గరగా, కాజా కుట్టినట్టు. సూది వేలిలో దిగింది. ఆపలేదు. "నువ్వు పోతే నాకెవరున్నారక్కా" అంటూనే ఉన్నాను. వంటింట్లో ఎవరో ఓపిగ్గా ఊపిరి తీస్తూనే ఉన్నారు. ఎప్పుడు నిద్ర పట్టేసిందో తెలియదు.

తెల్లారింది. అక్క నా పక్కనే ఉంది. ఊపిరాడుతోంది. కుట్టులో ఒక్క పోగు కూడా తెగలేదు. ఏడుపొచ్చేసింది నాకు.

"లే అక్కా, ఏమైనా తిందువుగాని."

"ఆకలి లేదే. రాత్రే తిన్నాగా" అంది, కళ్ళు తెరవకుండానే.

కుట్టు విప్పుదామని కత్తెర తీసుకుని, దాని తల కాస్త పక్కకు జరిపాను. నేను ఎన్నాళ్ళుగానో సరిగా దువ్వని ఆ నెరిసిన జుట్టు నున్నగా దువ్వి ఉంది. బడికెళ్ళే పిల్లకు వేసినట్టు రెండు జడలు.

నా చెయ్యి దానంతటదే నా తల మీదికి పోయింది.

ఒకవైపు జడ వేసి ఉంది. రెండోవైపు ఇంకా వెయ్యలేదు.

కత్తెర కింద పెట్టేశాను. సూదిలో మళ్ళీ దారం ఎక్కించి, ఆ కుట్టు మీదే ఇంకో వరస కుట్టడం మొదలుపెట్టాను.