కాలవగట్టు మీద కారు షెడ్డు

గూడూరు దాటి బందరు వైపు వస్తుంటే కాలవగట్టు మీద ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. రాత్రి ఎనిమిది దాటిందంటే అక్కడ ఆటోవాళ్లు హారన్ మీంచి చెయ్యి తియ్యకుండా స్పీడు పెంచేస్తారు. లోపల ఎవరో దగ్గుతారట. స్పానరు కింద పడ్డ చప్పుడు వస్తుందట. చుట్టుపక్కల బండి అనేదే లేకపోయినా గుప్పున పెట్రోలు వాసన కొడుతుందట... పాలు పోసే రాంబాబయితే ఓ రాత్రి సైకిలు అక్కడే పడేసి ఇంటికి పరుగో పరుగు. పొద్దున్నే వాళ్లావిడ వచ్చి సైకిలు తీసుకెళ్లింది.

నాకు ఈ కబుర్లు వింటే ఒళ్లు మండుతుందండీ. ఎందుకంటే మా ఇంటి పక్కనే ఉన్న ఆ షెడ్డు మాదే. లోపల దగ్గుతాడని వీళ్లు చెప్పుకునే మనిషి మా నాన్న.

నాన్న పేరు దైవాధీనం. లారీ మెకానిక్కు. గుడివాడలో ఒక డాక్టరు గారింట్లో మూలపడున్న పాత ఫియట్ కారుని తుక్కు కింద కొని తెచ్చి, ఆ షెడ్డులో పెట్టి, రెండేళ్లపాటు రాత్రిళ్లు కూర్చుని ఇంజినంతా విప్పి మళ్లీ కట్టాడు. ఎనభై తొమ్మిదిలో, అది స్టార్టయిన రాత్రే పోయాడు. అప్పటికి నాకు పదకొండు నెలలు.

తెల్లారి అమ్మ వెళ్లి చూస్తే నేలమీద బోర్లా పడి ఉన్నాడు. పక్కన ఎలకల కోసం తెచ్చిన ఎండ్రిన్ సీసా. ముందు రోజు సాయంత్రం ఇద్దరికీ గొడవయింది. "నీకా కారే పెళ్లాం, దాంతోనే పో" అందట అమ్మ. ఇంకేం కావాలి ఊరికి? పెళ్లాం తిట్టింది, మొగుడు మందు తాగాడు — కథ కట్టేశారు. పోలీసులొస్తారని భయపడి మధ్యాహ్నానికల్లా పూడ్చేశారు. ప్రాణం తీసుకున్నవాడికి సమాధుల తోటలో చోటు లేదన్నారు చర్చి పెద్దలు. ప్రార్థన లేదు, పాట లేదు. కాలవ అవతల తుమ్మచెట్ల మధ్య గొయ్యి తీశారు.

ఈస్టరు తెల్లవారుజామున ఊళ్లో అందరూ తమ వాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, మా అమ్మ సంతోషమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. ఒకటా రెండా, ముప్పై ఆరేళ్లు! ఆవిడ తిట్టబట్టే ఆయన పోయాడని ఊరూ అనుకుంది, ఆవిడా అనుకుంది.

ఇక మా అన్నయ్య డేవిడ్ రాజు. గుడివాడలో బస్సులు రిపేరు చేసే ఉద్యోగం. పోయినేడు వేసవిలో, అమ్మ ఒంటికాలి మీద లేస్తున్నా వినకుండా, మా వదిన శాంతి ఎంత తిట్టినా పట్టించుకోకుండా షెడ్డు తాళం పగలగొట్టాడు. వారం తిరక్కుండానే నాకు ఫోను.

"జెన్నీ... ఒకసారి రావే."

బందరు నుంచి స్కూటీ మీద వెళ్లాను. ఇంజిను విప్పి గోనెపట్టా మీద పరిచాడు.

"ఇది చూడు. వాల్వులు ఎంత నున్నగా నూరాడో చూడు. ప్రతి బోల్టుకీ గ్రీజు రాసి బిగించాడే నాన్న — మళ్లీ విప్పేటప్పుడు పట్టెయ్యకూడదని. చచ్చిపోదామనుకున్నవాడు మళ్లీ విప్పే రోజు గురించి ఆలోచిస్తాడా?"

నేను ఒక బోల్టు తీసి చూశాను, గ్రీజు ఇంకా అంటుకునే ఉంది.

"నాన్న మందు తాగలేదే. ఈ కారు మళ్లీ నడిపిస్తా. అమ్మని ఇందులోనే చర్చికి తీసుకెళ్తా. పెద్దల ముందే అడుగుతా... మా నాన్నని తోటలోకి తెచ్చి ప్రార్థన చేయించండి అని."

వాడి పంతం సంగతి నాకు తెలుసు. ఉప్పుగాలికి పిస్టన్లు పట్టేసి ఉంటే కిరసనాయిలు పోసి నెల్లాళ్లు నానబెట్టాడు. గుడివాడ లేత్ షాపులో సిలిండర్లు మళ్లీ తొలిపించి రీబోరు చేయించాడు. కొత్త పిస్టన్లు, కొత్త రింగులు. నవంబరుకి ఇంజిను మళ్లీ కారులో కూర్చుంది. సైలెన్సరు ఒక్కటే దొరకలేదు.

కొత్త పిస్టన్లు సర్దుకోవాలంటే ఇంజిను గంటల తరబడి నిదానంగా తిరగాలట. పగలు డ్యూటీ, కాబట్టి రాత్రిళ్లు నడిపేవాడు. మొదటి రెండు రాత్రులూ షెడ్డు తలుపులు బార్లా తీసి పెట్టాడు. మూడో రాత్రి తుఫాను జల్లు లోపలికి కొడుతోందని మూసేశాడు.

ఆ మర్నాడు ఫోనులో గొంతు బాగా తగ్గించి అన్నాడు — "నాన్న వస్తున్నాడే."

"ఏడిశావ్! నిద్ర మానుకుని అలా కూర్చుంటే నాన్నేంటి, తాతయ్య కూడా వస్తాడు."

"కాదే... ముందు తల బరువెక్కుతుంది. తర్వాత వెనక ఎవరో నిలబడతారు. ఊపిరి వినబడుతుంది. తిరిగి చూస్తే ఉండడు."

"అయితే రేపు పగలే నడుపు. తలుపులు తీసి నడుపు."

వాడు ఇంకా మెల్లగా అన్నాడు —

"తలుపులు తీసి ఉంటే రావట్లేదు జెన్నీ. మూస్తేనే వస్తున్నాడు."

నేను నవ్వేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

నాలుగో రాత్రి వాన లేదు. అయినా రెండు తలుపులూ దగ్గరికి లాగేశాడు, నాన్న కోసం. ఇక్కణ్నుంచి వాడు చెప్పింది చెప్పినట్టే చెప్తున్నాను.

ఇంజిను కుదురుగా తిరుగుతోంది. స్టూలు మీద కూర్చున్నాడు. పావుగంటకి తల దిమ్మెక్కింది... గొంతు ఎండిపోయింది... బల్బు చుట్టూ వెలుగు మసకబారింది. వెనక ఊపిరి.

"నాన్నా..." అన్నాడు.

ఊపిరి మాత్రం ఎగశ్వాసలా వస్తోంది. ఈసారి తల తిప్పాడు. ఉన్నాడు! లుంగీ, నూనె మరకల బనీను... కానీ అన్నయ్య వైపు చూడట్లేదు. తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, నేలకి వంగి, రెండు చేతులతో దేన్నో లాగుతున్నాడు. లాగుతున్నాడు... అది రావట్లేదు.

అన్నయ్య లేవబోయాడు. కాళ్లు మాట వినలేదు. స్టూలుతో సహా పడిపోయాడు.

ఆ తర్వాతది రాంబాబు చెప్పాడు. ఇంట్లో పడుకున్న అమ్మ ఎందుకో ఉలిక్కిపడి లేచిందట. చెప్పులైనా లేకుండా పరిగెత్తి, తలుపు లాగి, కొడుకు కాళ్లు పట్టుకుని ఈడుస్తూ పెద్దగా అరిచింది. ఆ షెడ్డంటే వణికిపోయే రాంబాబే పరుగున వచ్చి, ఇంజిను ఆపి, అన్నయ్యని భుజాన వేసుకున్నాడు. వాడి మేలు ఈ జన్మకి మర్చిపోను.

నేను ఆస్పత్రికి చేరేసరికి అన్నయ్యకి ఆక్సిజన్ పెట్టారు. కుర్ర డాక్టరు మా మీద మండిపడ్డాడు.

"మూసిన షెడ్డులో ఇంజిను నడుపుతారా ఎవరైనా? ఆ పొగలో కంటికి కనబడని, వాసన కూడా లేని గ్యాసు ఉంటుందండీ. తలనొప్పితో మొదలవుతుంది. తర్వాత లేనివి కనబడతాయి. తర్వాత కాళ్లు చచ్చుబడతాయి. ఇంకో పది నిమిషాలు ఆగుంటే మీకు మనిషి దక్కేవాడు కాదు."

ఆయన అటు వెళ్లాడో లేదో నాకు వెలిగింది. పట్టలేక అమ్మని వాటేసుకున్నాను.

"అమ్మా! నాన్న మందు తాగలేదమ్మా! పొగ! ఈ పొగే! నీ తిట్టు కాదమ్మా, విన్నావా? స్తోత్రం ప్రభువా..." ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను. ముప్పై ఆరేళ్ల బరువు దిగిపోయినట్టే అనిపించింది.

అన్నయ్య మెల్లగా మాస్కు పక్కకి జరిపాడు.

"నాన్న ఏం లాగుతున్నాడో చూశానమ్మా," అన్నాడు. "గోనెసంచులు... తడి గోనెసంచులు. తలుపు కింద సందులో గట్టిగా కుక్కి ఉన్నాయి. బయటినుంచి. వేళ్లు దూర్చి లాగుతున్నాడు, తలుపు కదలట్లేదు..."

"తలుపు దగ్గర సంచులెక్కడివి అన్నయ్యా! లేనివి కనబడతాయని డాక్టరు చెప్పాడుగా, పడుకో," అన్నాను.

అమ్మ మాత్రం మంచం కోడు పట్టుకుని అలాగే నేలమీద కూలబడింది. నా మొహంలోకి చూసింది — నా మొహంలోకే.

"ఆయన తలుపు తీసే నడిపాడే," అంది. "ఆ రాత్రి నీకు ఒళ్లు కాలిపోతున్న జ్వరం. ఆ మోతకి ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడుస్తున్నావు. ఆపమంటే వినలేదు ఆయన. నేనే వెళ్లి తలుపులు మూశాను. చప్పుడు రాకుండా కింద సంచులు... తడిపి మరీ కుక్కాను."

నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"చప్పుడు తగ్గిపోయింది జెన్నీ. నువ్వు నిద్రపోయావు... తెల్లారేదాకా నేనూ నిద్రపోయాను."