బిగింపు మేడమ్

మందుబిళ్లలు ప్యాక్ చేసే గదిలోకి వెళ్లాలంటే ముందు తలుపు దగ్గర మాస్కులు తనిఖీ చేసే బిగింపు మేడమ్‌ని దాటాలి. ఆ పేరు ఫ్యాక్టరీ అంతా కలిసి పెట్టింది. మాస్కు వదులుగా కనిపిస్తే చాలు, మన వెనక్కి వచ్చి తాడు పట్టి ఒక్క లాగు లాగుతుంది. కళ్లు బైర్లు కమ్ముతాయి.

ఆ భయంతో అందరూ మాస్కు సరిగ్గానే పెట్టుకునేవారు, ఒక్క మెషిన్ ఆపరేటర్ తప్ప. అతను రోజూ కావాలనే వదులుగా పెట్టుకొచ్చేవాడు.

"మళ్లీనా? అసలు మీకు తల ఉందా?"

"ఉందండీ. రోజూ మీరు లాగేది దాన్నేగా!"

ఆమె కళ్లు చిన్నవయ్యేవి. అది నవ్వో కోపమో మాస్కు చాటున ఎవరికి తెలుస్తుంది? అది తేల్చుకోవడానికే మర్నాడు మళ్లీ వదులుగా పెట్టుకొచ్చేవాడు.

ఫలితం ముఖం మీదే కనిపించింది. ముక్కు మీద ఎర్రటి చార, గడ్డం నిండా మొటిమలు. ఎవరో చెప్పారని టూత్‌పేస్ట్ రాశాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా అవి ఇంకా మండాయి.

సరిగ్గా అప్పుడే ఆమె అడిగింది. "ఆదివారం కాఫీకి వస్తారా?"

మాస్కు తీయకుండా కాఫీ ఎలా తాగడం? "నేను కాఫీ తాగనండీ" అనేశాడు.

"సరే" అందామె. మర్నాటి నుంచి అతని మాస్కు ఎంత వదులుగా ఉన్నా, దూరం నుంచే "సరిచేసుకోండి" అనడం మొదలుపెట్టింది. అతనికి ప్రాణం ఉసూరుమంది.

సంగతంతా విని వదిన పడీపడీ నవ్వింది. "కొరివితో తల గోక్కున్నావు కదయ్యా!" అంటూ చర్మాల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

అక్కడ ఎదురు కుర్చీలో మాస్కుతో బిగింపు మేడమ్!

"మీరేంటి ఇక్కడ?" అందామె.

"మా వదినకు తోడొచ్చాను. మీరు?"

"మా అమ్మకు క్రీమ్ తీసుకెళ్దామని."

ఇంతలో నర్సు తలుపు తీసి, "మాస్కు మొటిమలు ఎవరికండీ?" అని కేకేసింది.

ఇద్దరూ ఠక్కున లేచి నిలబడ్డారు. తేలు కుట్టిన దొంగల్లా ఒకరినొకరు చూసుకున్నారు.

ముందు ఆమే మాస్కు తీసింది. బుగ్గల నిండా పొక్కులు, చెవుల వెనక ఒరుసుకుపోయిన గాట్లు. "పదిమందికీ చెప్పేదాన్ని కదా, నాది ఇంకా గట్టిగా బిగించుకుంటాను. కాఫీకి పిలిచాక ఈ ముఖంతో ఎలాగా అని భయపడ్డాను. మీరు రానన్నాక మాత్రం ఇంటికెళ్లి ఏడ్చాను."

అతనూ మాస్కు తీసేశాడు. "నేను కాఫీ తాగుతానండీ. బిందెడిచ్చినా తాగుతాను. మీరు దగ్గరికొస్తారనే మాస్కు వదులుగా పెట్టుకునేవాణ్ణి. మీరంటే నాకు చాలా ఇష్టం."

"తెలుసు. అందుకేగా అందరికంటే మిమ్మల్నే గట్టిగా లాగింది!" ఆమె నవ్వింది. ఆ నవ్వు మొత్తంగా చూడటం అతనికి అదే మొదటిసారి.

లోపల డాక్టరమ్మ ఇద్దరికీ ఒకే మందు రాసింది. "తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. డ్యూటీ అయ్యాక ముఖానికి కాస్త గాలి తగలనివ్వండి."

"అయితే ఆదివారం కాఫీకి ఇలాగే, మాస్కుల్లేకుండా వెళ్దామా?" అందామె అతనితో.

బయట వదిన అప్పటికే ఫోనులో ఉంది. "అత్తయ్యా, మీ చిన్నబ్బాయికి పిల్ల దొరికింది. పిల్ల తరఫువాళ్లను ఇంటికి పిలుద్దాం గానీ, మొటిమలు తగ్గేదాకా ఆగుదాం. పిల్లవి కాదు, మనవాడివి! ఆ ముఖం చూసి కూడా ఒప్పుకుందంటే, ఈ పిల్లను వదులుకోకూడదు."