అడగకుండా వచ్చిన అప్‌డేట్

మధ్యాహ్నం భోజనం ముగించి బావ ఫోన్ చేశాడు. అప్పుడు ముంగిస బస్సులో ఉన్నాడు.

ముంగిస అన్నది గూఢచారి డిపార్ట్‌మెంట్ అతనికి ఇచ్చిన కోడ్ నేమ్. బావదీ అదే డిపార్ట్‌మెంట్. ఒక టైలరింగ్ షాపు పైన గది అద్దెకు తీసుకుని, ‘సాలెగూడు’ అనే విదేశీ ముఠా మీద నిఘా వేసి ఉన్నాడు.

“ఒక్క నిమిషం ఆగరా,” అన్నాడు బావ. “ఈ లాప్‌టాప్ దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. ఏదో అప్‌డేట్ అట.”

“నిన్ను అడిగిందా?”

“అడగడమా? మనం లేనప్పుడు ఇంట్లోకొచ్చి బీరువా సర్దిపోయే చుట్టంలాంటిది ఇది. పోయినసారి నా ప్రింటర్‌ని మరిచిపోయింది.” కీబోర్డు టకటకలాడింది. ఉన్నట్టుండి బావ గొంతు మారింది. “ఒరేయ్, నా ఫైల్ లేదు.”

“ఏ ఫైల్?”

“నేను చేత్తో రాసుకున్న సిస్టమ్ ఫైల్. ఈ లాప్‌టాప్ ఎవరితో మాట్లాడాలో, ఎవరితో మాట్లాడకూడదో అందులోనే ఉంటుంది. దాన్ని తుడిచేసి ఇంకేదో పెట్టింది. నేనెక్కడున్నానో ఎవరికో చెప్పేస్తోందిరా.”

తలుపు చప్పుడైంది. “కరెంటు మీటర్ చూడాలండీ,” అంది మర్యాదైన గొంతు ఒకటి.

“తీయకు బావా.”

తీయాల్సిన పని లేకపోయింది. గొళ్ళెం విరిగింది. కుర్చీ పడింది. ఆ తర్వాత ఫోన్‌లో కింది షాపు కుట్టుమిషన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

*

డిపార్ట్‌మెంట్ ఆఫీసు ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ వెనక ఉండేది. గోడ అవతల డ్రిల్ గీపెడుతుంటే, చీఫ్ గొంతు తగ్గించి మాట్లాడాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అనేవారు.

“మీ బావని చంపించింది అప్‌డేట్‌లో కలిపిన ఒక దొంగ ఫైల్. సాఫ్ట్‌వేర్ కంపెనీ లోపలి మనిషి పని. రేపు పన్నెండింటికి ఇంకో అప్‌డేట్ రిలీజ్ అవుతోంది. అందులోనూ అదే ఉంది. ఈసారి మీ బావ ఒక్కడు కాదు, బయట ఉన్న మన ఏజెంట్లందరూ దొరికిపోతారు.”

“మెషీన్లు ఆపుకోమని చెప్పండి.”

“ఎలా చెప్పను? వాళ్ళంతా సైలెంట్ మోడ్‌లో ఉన్నారు. మనం పంపే మెసేజే వాళ్ళని పట్టిస్తుంది. రిలీజ్ రూమ్‌లోనే ఆపాలి. సాలెగూడు మనిషిలా ఉంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్ అక్కడ ఉంది. నెమలి.”

“నమ్మొచ్చా?”

“ఇప్పటిదాకా నమ్మాం.” పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఆ మీటర్ మాట రిపోర్టులో రాయకు. అది నీకూ, నాకూ, వచ్చినవాళ్ళకూ మాత్రమే తెలుసు. ఇంకోటి. నువ్వు వెళ్ళేది అప్‌డేట్ ఆపడానికి. పగ తీర్చుకోవడానికి కాదు.”

ముంగిస సరేనన్నాడు. అన్నాడు గానీ, ఆ మాట అతని చెవి దాటి లోపలికి వెళ్ళలేదు.

సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళాడు. ఆమె బావ చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. అన్నీ అయిపోయాక మొదటిది విప్పి మళ్ళీ మొదలుపెట్టింది.

“ఎవరో తెలిసిందా?” తలెత్తకుండా అడిగింది.

“తెలుస్తుంది.”

“కాల్చేసి రాకు. ఒక్క క్షణంలో పోతారు, వాళ్ళకేం తెలుస్తుంది? తలుపు చప్పుడు విని మీ బావ ఎలా ఉలిక్కిపడి ఉంటారో, వాళ్ళూ అలా ఉలిక్కిపడాలి. ఒక్కొక్కళ్ళూ. ఆ తర్వాత చాలాకాలం బతకాలి.”

అక్క అంత నెమ్మదిగా మాట్లాడటం అతను ఎప్పుడూ వినలేదు.

*

మర్నాడు పన్నెండు కావస్తుండగా సాఫ్ట్‌వేర్ కంపెనీ రిలీజ్ రూమ్‌లోకి ఒక ఏసీ మెకానిక్ వచ్చాడు. నూనె మరకల యూనిఫాం, అతికించిన మీసం, భుజాన గ్యాస్ సిలిండర్, చేతిలో స్క్రూడ్రైవర్. దాని పిడిలో, దొంగ ఫైల్ బదులు ఎక్కించాల్సిన మంచి ఫైల్‌తో పెన్ డ్రైవ్ ఉంది.

పచ్చ పట్టుచీరలో, చెవులకు నీలాలతో కూర్చున్న ఆవిడ తలెత్తి చూసింది. మెడలో రిలీజ్ మేనేజర్ కార్డు. మిగతా స్టాఫ్‌ని ఆమె ముందే మీటింగ్‌కి పంపేసింది.

“చల్లదనం సరిపోవట్లేదట,” అన్నాడు ముంగిస.

“చల్లగానే ఉంది. ఒకవైపే వీస్తోంది,” అంది ఆమె. కోడ్ సరిపోయింది.

ఆమె గొంతులో జాలి పలికింది. “మీ బావగారి సంగతి విన్నాను. మీటర్ చూడాలని తలుపు తట్టారట కదా, పాపం.”

ముంగిస స్టూల్ ఎక్కి ఏసీ మూత విప్పుతున్నాడు. అతని చేయి ఆగలేదు. మరొక స్క్రూ కూడా విప్పి జేబులో వేసుకున్నాడు. పాపం అన్న ఆ మాట మాత్రం గుండెలో గునపంలా దిగింది.

“పెన్ డ్రైవ్ ఇలా ఇవ్వండి,” అంది నెమలి. “మంచి ఫైల్ నేనే ఎక్కిస్తాను.”

“మీకెందుకమ్మా శ్రమ? ఆ మీటర్ మాట మీకెవరు చెప్పారు?”

ఆమె ఒక్క క్షణం కూడా తడబడలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ తీసింది. ఆమె గురిపెట్టేలోపే అతను సిలిండర్ వాల్వ్ తిప్పాడు. తెల్లటి గ్యాస్ బుస్సుమంటూ ఆమె మణికట్టును తాకింది. పిస్టల్ కింద పడింది. మరుక్షణం ఆమె కుర్చీకి కట్టేసి ఉంది, ఏసీ వైరుతోనే.

“ఆలస్యమైంది,” అంది ఆమె, పళ్ళ బిగువున. “రిలీజ్‌కి ఇంకా రెండు నిమిషాలు. రద్దు చెయ్యాలంటే డైరెక్టర్ కార్డు కూడా కావాలి. ఆయన ఊళ్ళో లేడు. మీరు తెచ్చిన ఫైలూ ఇప్పుడు ఎక్కదు, ప్యాకేజీ సీల్ చేసేశాను.”

ముంగిస స్క్రీన్ ముందు కూర్చున్నాడు. మీసం చెమటకు ఊడిపోతుంటే పీకి పక్కన పడేశాడు. ఆపడం కుదరదు. ఫైల్ మార్చడం కుదరదు. ఎవరికి పంపాలన్న సెట్టింగ్ ఒక్కటే ఇంకా తెరిచి ఉంది. ‘అందరికీ’ అని ఉంది అక్కడ. దాని కింద సన్నటి అక్షరాల్లో ‘మినహాయింపు గ్రూప్’.

“ఎవరికి మినహాయింపు?”

నెమలి చూపు టేబుల్ మీదున్న తన లాప్‌టాప్ వైపు జారింది.

అతనికి అర్థమైంది. సాలెగూడు వాళ్ళు వాడేదీ ఇదే ఆపరేటింగ్ సిస్టమ్. తాము వదిలిన విషం తమకే తగలకుండా, తమ మెషీన్లన్నిటినీ ఒక గ్రూపులో కూర్చోబెట్టి పక్కన పెట్టుకున్నారు.

“దొంగ ఫైల్ ఏ సర్వర్‌కి కబురు పంపుతుంది?” అన్నాడు, పెద్దాయనకి ఫోన్ కలిపి.

“నిన్న దొరికిన సర్వర్‌కే,” అన్నాడు పెద్దాయన అటునుంచి. “పొద్దున్నించి దానికొచ్చే ప్రతి కబురూ మనవాళ్ళు కూడా చాటుగా వింటున్నారు. ఏం చేస్తున్నావు నువ్వు?”

“మీరు మ్యాప్ చూస్తూ ఉండండి సార్.”

‘అందరికీ’ దగ్గర టిక్ తీసేశాడు. మినహాయింపు గ్రూప్‌ని పట్టుకుని ‘వీటికి మాత్రమే’ అన్న గడిలో పెట్టాడు. కార్డు చూపమంది స్క్రీన్. నెమలి మెడలోని కార్డును రీడర్‌కి ఆనించాడు. ఎర్ర లైట్. తుడిచి మళ్ళీ ఆనించాడు. గడియారం ఆఖరి సెకనులోకి జారుతుండగా పచ్చ లైట్ వెలిగింది.

రిలీజ్ మొదలైంది.

టేబుల్ మీద నెమలి సొంత లాప్‌టాప్ చిన్నగా కూసింది. దాని స్క్రీన్ నీలంగా మారింది. ‘అప్‌డేట్ జరుగుతోంది. దయచేసి ఆఫ్ చేయకండి.’

“ఆపండి దాన్ని,” అంది ఆమె.

“నిన్న మా బావ కూడా అదే అనుకుని ఉంటాడు.” ముంగిస కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాడు. ఈ మాటల కోసమే అతను రాత్రంతా నిద్రపోలేదు. “మీవాళ్ళ లాప్‌టాప్‌లన్నీ ఇప్పుడు వాటంతటవే రీస్టార్ట్ అవుతున్నాయి. ఎక్కడున్నదీ మాకు చెబుతున్నాయి. కాసేపట్లో ఒక్కొక్క తలుపూ చప్పుడవుతుంది. తప్పించుకున్నవాళ్ళు ఏమనుకుంటారు? కార్డు నీది, కాబట్టి అమ్మేసింది నువ్వే అనుకుంటారు.”

ఫోన్‌లో పెద్దాయన అందుకున్నాడు. “మ్యాప్ నిండా చుక్కలే. టీములు బయల్దేరాయి. టైలరింగ్ షాపు మీదకి వెళ్ళిన ముగ్గురూ ఒకే గదిలో ఉన్నారు. మీటర్ చూడాలని తలుపు కొట్టమన్నాను.” కాస్త ఆగి, “నేనే చెప్పాను. రిపోర్టులో రాయను,” అన్నాడు.

అప్పుడే కారిడార్‌లో అడుగుల చప్పుడు వినిపించింది. ఎవరో తలుపు తట్టారు. నెమలి కుర్చీతో సహా ఎగిరిపడింది. నీలాల జూకాలు గలగలమన్నాయి. ముంగిస ఆమె ముఖాన్ని తనివితీరా చూశాడు, అక్కకు చెప్పడం కోసం.

వచ్చింది డిపార్ట్‌మెంట్ వాళ్ళే. వాళ్ళను చూసి ఆమె ఏడ్చినంత పని చేసింది.

“నన్ను ఎక్కడ ఉంచుతారు? బయటికి వదిలితే మావాళ్ళు బతకనివ్వరు. నా సంగతి ఏం చేస్తారో చెప్పండి,” అని లిఫ్ట్ దాకా అడుగుతూనే ఉంది.

“అప్‌డేట్ చేస్తాం,” అన్నాడు ముంగిస, లిఫ్ట్ తలుపులు మూసుకుంటుండగా. “ముందుగా చెప్పి మాత్రం చెయ్యం.”