తిన్నగా పడ్డ కుట్టు

అసూయ అనేది నా ఒంటికి సరిపడదు. బడిలో పక్కవాడికి కొత్త పలక కొంటే సంతోషం పట్టలేక నా పలక విరగ్గొట్టుకున్నవాణ్ణి. మా వీధిలో అసూయ ఎరగని మనిషిని చూపించమంటే పసిపిల్లలు కూడా నా గుమ్మమే చూపిస్తారు. అందుకే ఈ కేసు చెప్పే అర్హత నాకొక్కడికే ఉంది. ఇందులో ఉన్నవాళ్ళంతా కుళ్ళుతో కుతకుతలాడినవాళ్ళే; పక్షపాతం లేకుండా చెప్పేవాడు ఒకడుండాలి కదా.

ఆదివారం పొద్దున, టెక్ మేళా జరుగుతున్న పెద్ద హాలు బయట టీ కొట్టు బల్ల మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకాయన ప్రైవేటు డిటెక్టివ్. ఎవరింట్లో ఏం పోయినా కూపీ లాగుతాడని జనం ఆయనను కూపీ అనే పిలుస్తారు. అసలు పేరు ఆయన భార్య కూడా మరిచిపోయి ఉంటుంది. రెండోవాడు ఆ భార్య తమ్ముడు, కూపీకి సహాయకుడు. బావ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందని నమ్మే మనిషి.

వాళ్ళు కేసు కోసం రాలేదు. శనివారం పొద్దున బస్సు వెనక అంటించిన పోస్టరు చూసి బావమరిది, "పోదాం పద బావా" అన్నాడు.

"యంత్రాలు చూడ్డానికి ఊరు దాటాలా? మీ అక్క మిక్సీ ఉందిగా" అన్నాడు కూపీ.

"ఇద్దరూ వెళ్ళండి. రెండు రోజులు నా చెవులు చల్లబడతాయి" అని ఆవిడ అప్పటికప్పుడు సంచి సర్ది గుమ్మంలో పెట్టేసింది. అలా వచ్చారు.

వచ్చిన దగ్గర్నుంచీ బావమరిది పొగడ్తలన్నీ దారి మళ్ళాయి. మనిషి నెత్తిమీద ఎగురుతూ వెంట వచ్చే గొడుగును ఒకాయన తయారుచేశాడు. ఆ గొడుగాయనను చూసి, "బుర్రంటే అదీ బావా" అన్నాడు. తలుపు తీస్తే ఏ బట్టలు వేసుకోవాలో చెప్పే బీరువాను ఒకావిడ తయారుచేసింది. ఆ బీరువా కూపీని ఎగాదిగా చూసి, "ఈ చొక్కాకు విశ్రాంతి ఇవ్వండి" అంటే బావమరిది బల్ల పట్టుకుని నవ్వాడు. కూపీ నవ్వలేదు. ఇన్నేళ్ళు తన వైపు మాత్రమే చూసిన కళ్ళు ఇప్పుడు ఒక గొడుగునీ ఒక బీరువానీ చూస్తున్నాయి.

ఆ రెండింటి పక్క బల్ల మీద ఒక చెయ్యి ఉండేది. మోచేతి నుంచి వేళ్ళ దాకా లోహంతో చేసిన చెయ్యి, మణికట్టుకు ఆకుపచ్చ గుడ్డ తొడుగు. సూదిని, దారాన్ని ముందు పెడితే ఆ చెయ్యి కాస్త ఆలోచించి, గుర్రుమని కదిలి, బెజ్జంలోకి దారం ఎక్కించేది. దాన్ని చేసినావిడ ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తుంది. కౌంటరు కింద మోకాళ్ళ మీద కూర్చుని తయారుచేసిందట. భర్త దర్జీ. బల్ల పక్కనే, కాలరుకు సూది గుచ్చుకుని, ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.

"ఈయన చూపు మందగించింది. దారం ఎక్కించాలంటే పక్కన ఇస్త్రీ దుకాణం ఆవిణ్ణి పిలవాలి. రోజూ" అని ఆవిడ చివరి మాట కాస్త గట్టిగా అంది. ఆ ఇస్త్రీ ఆవిడ మా వీధిదే; పడుచు, బారెడు జడ, నవ్వితే పెట్టెలో బొగ్గులు రాజుకుంటాయి.

"తొడుగు బాగుందమ్మా" అన్నాడు బావమరిది, ఫోటో తీస్తూ.

"బాగుందా? బస్సు కుదుపుల్లో నేనే కుట్టాను. వంకరటింకరగా వచ్చింది. ఇది చూసి ఈయన నిన్న అన్నం సరిగా తినలేదు."

ఇదంతా శనివారం మాట. ఆదివారం పొద్దున టీ గ్లాసు పెదవికి తగిలేలోపు ఆవిడ పరుగెత్తుకుంటూ వచ్చి కూపీ ముందు నిలబడింది.

"మీరు డిటెక్టివని మీ బావమరిదిగారు చెప్పారు. నా చెయ్యి వణుకుతోందండీ."

కూపీ ఆవిడ చేతుల వైపు చూశాడు.

"ఇది కాదు, అది. సూది దాకా వెళ్ళి గజగజలాడిపోతోంది. మధ్యాహ్నం న్యాయనిర్ణేతలు వస్తారు. గెలిచినవాళ్ళకి ఏడాదిపాటు పనిముట్లతో సహా వర్క్‌షాప్ గది ఇస్తారు. అది దక్కకపోతే నాకు మళ్ళీ కౌంటరు కిందే. మా షావుకారు ఆ చోటు కూడా ఖాళీ చెయ్యమంటున్నాడు."

కూపీ టీ వదిలేసి లేచాడు.

చెయ్యి బల్ల మీద అలాగే ఉంది. ఒక్క భాగం పోలేదు, ఎక్కడా గీత పడలేదు. మణికట్టు లోపల ఒక సన్నని తీగ ఉంటుందని, అది వదులైతే ఇలాగే వణుకుతుందని ఆవిడ చెప్పింది. తీగను ముట్టుకోవాలంటే తొడుగు కుట్టు విప్పాలి. పని అయ్యాక మళ్ళీ బిగించి కుట్టాలి. తొడుగు బిగువుగా లేకపోతే తీగ చోటు కదిలిపోతుంది.

బావమరిది వంగి చూసి, "ఎవరూ విప్పలేదు బావా. కుట్టు ఎంత నీటుగా ఉందో చూడు, గీత గీసినట్టుంది" అన్నాడు.

"నువ్వు ఇంకోసారి ఆ మాట అను" అన్నాడు కూపీ. అతను అన్నాడు. కూపీ అతని ఫోను అడిగి తీసుకున్నాడు.

హాలు తలుపు దగ్గర కాపలాదారు చెప్పింది ఇది: తాళం తీశాక, ఆవిడ రాకముందు, ముగ్గురు లోపలికి వెళ్ళారు. గొడుగాయన, బీరువా మేడమ్, దర్జీ.

"ఎవరు ఎవరి బల్ల దగ్గరున్నారో చూశావా?"

"నేను తలుపు దగ్గర ఉంటాను సార్. చూడలేదు, విన్నాను. ఆ చెయ్యి ఒక్కసారి గుర్రుమంది. నిన్నంతా విన్న చప్పుడే, తేడా లేదు. తర్వాత చప్పుడు లేదు."

గొడుగాయన తన గొడుగుకు చిరుగు పడితే దాని మీద టేపు ముక్క అంటిస్తున్నాడు. గుడ్డ మీద అప్పటికే టేపు తప్ప గుడ్డ కనిపించడం లేదు.

"ఆవిడ చెయ్యి పాడైతే మీకే లాభం కదండీ" అన్నాడు కూపీ.

"లాభమే" అన్నాడు గొడుగాయన, దాచకుండా. "నిన్నంతా జనం ఆ బల్ల దగ్గరే మూగారు. నాకు కడుపు మండింది. పొద్దున వచ్చి బ్యాటరీ చార్జింగుకు పెట్టుకున్నాను. మండిన కడుపుతోనే పెట్టుకున్నాను, అంతే."

బీరువా మేడమ్ జాకెట్టు చేతికి గుండీ ఉండాల్సిన చోట పిన్నీసు ఉంది. "ఊరందరికీ బట్టలు చెబుతుంది మీ బీరువా. మీకు చెప్పదా?" అన్నాడు కూపీ.

"చెప్పింది, గుండీ కుట్టుకోమని. సూది పట్టడం వస్తే బీరువా ఎందుకు చేస్తాను? అయినా మీరు ఇంకా అదే చొక్కాలో ఉన్నారు."

బావమరిది నవ్వబోయి, బావ ముఖం చూసి దగ్గాడు.

దర్జీ దగ్గర కూపీ ఒకే ప్రశ్న వేశాడు. "పొద్దున్నే ఎందుకు వచ్చారు?"

"బల్ల మీద గుడ్డ మాసింది. మార్చడానికి" అన్నాడు దర్జీ నేల చూస్తూ.

జనాన్ని లోపలికి వదలడానికి ఇంకా వ్యవధి ఉంది. కూపీ అందరినీ ఆ చెయ్యి చుట్టూ నిలబెట్టాడు. ఆవిడ ఒక పక్క, భర్త ఒక పక్క, ఎదురుగా గొడుగాయన, బీరువా మేడమ్, వెనక కాపలాదారు. బావమరిది కళ్ళు ఒక రోజు తర్వాత మళ్ళీ బావ మీద నిలిచాయి. కూపీ గొంతు సవరించుకోవడానికి కావలసినదానికంటే ఎక్కువసేపు తీసుకున్నాడు.

"ఇది నిన్నటి ఫోటో. తొడుగు కుట్టు చూడండి, తాగినవాడు నడిచినట్టుంది. ఇవాళ్టి కుట్టు చూడండి. మా వాడన్నాడు, ఎవరూ విప్పలేదు, నీటుగా ఉందని. నీటుగా ఉండడమే తప్పు. విప్పినవాడు తీగ వదులు చేసి, మళ్ళీ కుట్టాడు. పని ఎవరికీ తెలియకూడదనుకుంటే వంకరగా కుట్టాలి. అది అతనివల్ల కాలేదు. చెడగొట్టడానికి వచ్చిన మనిషి కూడా వంకర కుట్టు వెయ్యలేకపోయాడు."

కూపీ వేలు గొడుగాయన వైపు తిరిగింది.

"గొడుగాయనైతే టేపు వేసేవాడు. మేడమైతే పిన్నీసు పెట్టేది. ఇంకొకటి. చెడగొట్టేవాడు ముందు దాన్ని ఎందుకు నడిపించాడు? కాపలాదారు చప్పుడు విన్నాడు, మంచి చప్పుడే. ఎందుకంటే కుట్టాలంటే సూదిలో దారం ఉండాలి. అతనికి బెజ్జం కనిపించదు. ఆ వేళప్పుడు పిలవడానికి ఇస్త్రీ ఆవిడ లేదు. అందుకని ఈ చెయ్యి చేతే దారం ఎక్కించుకుని, దీని మణికట్టే విప్పాడు."

ఆవిడ భర్త వైపు తిరిగింది. అతను కాలరు మీద సూదిని తడుముకుంటున్నాడు.

"ఏమండీ."

"ఒక్కసారికే ఎక్కించింది" అన్నాడు దర్జీ. "నేను కళ్ళు చికిలించుకుని, నాలుక తడిపి, పదిసార్లు పొడిచినా ఎక్కనిది. అది కూడా నాకు కోపమే. ఏడాదిగా నువ్వు దాన్ని ఒళ్ళో పెట్టుకుని మాట్లాడుతున్నావు. దాని వేలు ఇరుక్కుంటే అయ్యో అంటావు. నా వేలికి సూది దిగితే ప్లాస్టర్ అక్కడుంది అంటావు. నిన్న ఒకాయన నా భుజం తట్టి, ఇంక మీకు పని లేదన్నమాట అని వెళ్ళాడు. నువ్వు నవ్వావు."

"మీకెలా తెలిసింది సార్?" అన్నాడు గొడుగాయన కూపీతో. "నేనైతే నన్నే అనుమానించేవాణ్ణి."

కూపీ బావమరిది వైపు చూడకుండా చెప్పాడు. "నిన్నటి నుంచి మావాడు మీ గొడుగును పొగుడుతుంటే, దాని కాడ విరిచి పొయ్యిలో పెట్టాలనిపించింది నాకు. పోటీలో ఉన్నవాడికి గెలవాలని ఉంటుంది. మనకు రావలసిన చూపు ఇంకోచోటికి పోతే మాత్రం, గెలుపుతో పని లేదు. అవతలిది వణికితే చాలు."

బావమరిది నోరు తెరిచాడు. "బావా, ఆ గొడుగు వానలో తడుస్తుందట, ఎందుకూ పనికిరాదు" అన్నాడు మెల్లగా. గొడుగాయన నొచ్చుకున్నాడు.

ఆవిడ మాత్రం భర్త వైపే చూస్తోంది. "ఇది దారం ఎక్కించడం తప్ప ఇంకేమీ చెయ్యదు. గమనించారా? కుట్టడం నేర్పలేదు. నేర్పచ్చు. నేర్పలేదు."

"ఎందుకు?"

"నాకు కావలసింది దర్జీ కాదు. ఆ ఇస్త్రీ ఆవిడ మన గడప తొక్కకుండా ఉంటే చాలు. మీరు సూది చేతికిస్తారు, ఆవిడ దారం కొస పంటితో కొరుకుతుంది, మీరు భలే అంటారు. ఏడాది పాటు కౌంటరు కింద మోకాళ్ళు అరగదీసుకున్నది ఆ భలే కోసమే."

హాలులో బీరువా తలుపు దానంతటదే తెరుచుకుని, ఇవాళ ముదురు రంగులు బాగుంటాయని చెప్పి మూసుకుంది.

దర్జీ కత్తెర తీసుకుని తన కుట్టు తనే విప్పాడు. ఆవిడ తీగ బిగించింది. మళ్ళీ కుట్టడానికి సూది తీశాడు, ఖాళీది. చుట్టూ చూసి, దాన్ని భార్యకు ఇచ్చాడు. ఆవిడ దారం కొస పంటితో కొరికి ఎక్కించి ఇచ్చింది.

"భలే" అన్నాడు దర్జీ.

మధ్యాహ్నం న్యాయనిర్ణేతలు వచ్చారు. చెయ్యి వణకకుండా వెళ్ళి దారం ఎక్కించింది. వాళ్ళలో పెద్దావిడ తొడుగు తడిమి, ఈ కుట్టు ఎవరిదని అడిగింది. "మావారిది" అంది ఆవిడ. గది ఆవిడకే దక్కింది. తిరుగు బస్సులో బావమరిది దారి పొడుగునా బావను పొగిడాడు. కూపీ నిద్రపోతున్నట్టు నటిస్తూ ఒక్క మాట కూడా వదలకుండా విన్నాడు.

కథలో ఒక్కటి నేను కల్పించాను, అది కూడా చెప్పేస్తాను. ఇస్త్రీ ఆవిడ పడుచు అని, బారెడు జడ అని రాశాను. ఆవిడకు నా వయసే. జడ పిలక పాటి ఉంటుంది. నలభై ఏళ్ళ కిందట నేను పెళ్ళి చేసుకుని తెచ్చుకున్న మనిషి. రోజూ పొద్దున్నే ఆ దర్జీ కొట్టుకు వెళ్ళి దారం ఎక్కించి, నవ్వుకుంటూ వచ్చేది. ఇప్పుడు వెళ్ళడం లేదు. ఆ చెయ్యి చల్లగా ఉండాలని నేను రోజూ కోరుకుంటాను.