మైనస్ తొమ్మిదిలో మైనం

"అయ్యయ్యో! మా నాన్న కారుకి ఒక్కపూటలో ముసలితనం వచ్చేసిందేం?"

మూడో అంతస్తు బాల్కనీలోంచి స్మరాండ వేసిన కేకకి కింద కోస్తిన్ చేతిలో గుడ్డ జారిపోయింది.

నిజమే. పొద్దున్న చెర్రీపండులా ఉన్న కారు ఇప్పుడు నెరిసిన గడ్డంలా ఉంది.

బ్రషోవ్ ఊళ్లో జనవరి చలి, మైనస్ తొమ్మిది. మర్నాడు ఫాదర్‌గారొచ్చి ఇళ్లమీదా, కార్లమీదా పవిత్రజలం చల్లుతారు. మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్లమీద తిరిగిన కారుకి ఆలోపు మైనం పట్టించాలని స్మరాండ తండ్రి గవ్రీల పట్టు పట్టాడు. పట్టింది కారుకి కాదు, ఆయన నడుముకి! "నేను పట్టిస్తా సార్!" అని దూకాడు కోస్తిన్. కారు మెరిస్తే ఆయన కళ్లలో తానూ మెరుస్తాడు. ఆ మెరుపులో, ఆర్నెల్లుగా నాలుక చివర వేలాడుతున్న మాట స్మరాండకి చెప్పేయొచ్చు. అదీ ఆశ.

చెక్కలు కోసి నేలలు పరచడం కోస్తిన్ వృత్తి. చెక్కనేలకి గదంతా దట్టంగా మైనం పూసి, టీ తాగొచ్చి, తీరిగ్గా తుడుస్తారు. కారుకీ అదే వైద్యం చేశాడు. టీ తాగొచ్చేసరికి మైనం కాస్తా రాయైంది.

స్మరాండ హెయిర్ డ్రయ్యర్‌తో దిగింది. వెనకాల మూడంతస్తుల పొడవునా వైరు.

"ఇంత పూశావేంటి? పెళ్లికూతురి మేకప్పా?"

"నేలకైతే ఇలాగే..."

"ఇది నేల కాదు మహానుభావా! మా నాన్న చూస్తే నిన్ను నేలలో కలిపేస్తారు. నేలలు నీ లైనేగా!"

ఆమె వేడిగాలి కొట్టింది, అతను రుద్దాడు. అరగంటకి అరచేతంత ఎరుపు బయటపడింది.

"నీ ముక్కు కారుతోంది."

"కారు పక్కన నిలబడితే కారదా మరి!"

పకపకా నవ్విన స్మరాండ టక్కున ఆగిపోయింది. వెనకాల గవ్రీల. నెత్తిన బొచ్చుటోపీ, నడుం మీద చెయ్యి. మైనం కన్నా ఆయన మౌనం గట్టిగా ఉంది.

"చలిలో డబ్బా చంకలో పెట్టుకుని వెచ్చబెట్టాలి. జానెడు పూసి, వెంటనే తుడిచి, మళ్లీ జానెడు. ఒకేసారి అంతా పూసేవాణ్ణి ఏమంటారు?"

"వెధవంటారు సార్."

"మరి మా అమ్మాయి విషయంలో ఆర్నెల్లుగా జానెడు కూడా ముందుకి జరగవేం? కిర్రుమనని మా నేలని నాలుగుసార్లు బాగుచేసి పోయావు. నేను గుడ్డివాణ్ణా?"

కోస్తిన్ గడ్డకట్టాడు.

"తొందరేం లేదు. కొంచెం కొంచెంగానే చెప్పు."

"స్మరాండా... రేపు... వీలుంటే... కాఫీకి..."

"నాన్నా, ఈ లెక్కన వీడు ఈస్టర్ దాకా పూస్తూనే ఉంటాడు!" డ్రయ్యర్ తిన్నగా అతని మొహానికి గురిపెట్టింది. "ఒకేసారి అంతా పూసెయ్యవయ్యా బాబూ!"

వేడిగాలికి నోరు కరిగింది. "నువ్వంటే ప్రాణం పెళ్లిచేసుకుందాం మీ నాన్న నడుం తోముతా ఇద్దరు పిల్లలు..."

"పిల్లల దగ్గర ఆపు!" గవ్రీల ఇంకో గుడ్డ అందుకున్నాడు. "ఎడమపక్క నీది, కుడిపక్క నాది. రుద్దు అల్లుడూ!"

"కానీ సార్, తను ఇంకా సరేననలేదు..."

స్మరాండ నెత్తి కొట్టుకుంది. "పిచ్చిమొద్దూ, నేల కిర్రుమంటోందని నాలుగుసార్లు ఫోన్ చేసింది నేను కదా!"