రెండో సీసా

సౌందరరాజన్ ఇంట్లో పొద్దున్నే కాఫీ పొయ్యి కంటే ముందు స్పిరిట్ దీపం వెలిగేది. కూతురు కల్యాణవల్లి కాలేజీలో కెమిస్ట్రీ చదువుతోంది. తండ్రికి చక్కెర జబ్బని తేలిన నాటి నుంచి ఆ ఇంటికి డాక్టరూ పోలీసూ ఆ పిల్లే. గాజు గొట్టంలో నీలం మందు పోసి, తండ్రి సీసాలో పట్టి ఇచ్చిన మూత్రం ఎనిమిది చుక్కలు వేసి కాచేది. నీలంగానే ఉంటే మంచిది. పచ్చబడితే, పసుప్పచ్చ అయితే చక్కెర ఉన్నట్టు. ఇటుక రంగు వచ్చిందంటే ఆ పూట ఇంట్లో మాటలుండవు. ఏ రోజు ఏ రంగో గోడమీది క్యాలెండరులో రాసేది.

పది రోజులుగా క్యాలెండరు నిండా నీలమే. మొన్న ఒక్కరోజు లేతపచ్చ కనిపిస్తే, మందు పాతబడిందేమోలే అనుకుంది. నిజానికి ఆ సీసాలోది సౌందరరాజన్‌ది కాదు.

గుడిలో పాశురాలు చదివే గోష్ఠిలో ఆయన ముప్ఫై ఏళ్లుగా కూర్చుంటున్నాడు. చదవడం అయ్యాక చేతిలో పెట్టే చక్కెర పొంగలిని వద్దనడం ఆయన వల్ల కాలేదు. స్వామి ప్రసాదం చక్కెర లెక్కలోకి రాదని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. రంగు ఎర్రబడుతూ పోయింది. ఇట్లాగే ఉంటే రోజూ ఇన్సులిన్ సూది తప్పదని డాక్టరు చెప్పాడు. సౌందరరాజన్ వాళ్లమ్మ ఆ సూదులతోనే నాలుగేళ్లు బతికి, కాలివేలి పుండు ముదిరి, మోకాలి దాకా కాలు తీయించుకుని పోయింది. సూది అంటే ఆయనకు ఆ కాలే గుర్తొస్తుంది. అందుకే భార్య అమృతవల్లిని బతిమాలి సీసా ఆమె చేత నింపిస్తున్నాడు. ఆమెకు తప్పని తెలుసు, ఆయన భయమూ తెలుసు.

ఆ శుక్రవారం గొట్టంలో నీలం కాస్తా పచ్చబడింది. చూస్తుండగానే పసుప్పచ్చ దాటి నారింజరంగుకు తిరిగింది.

"ఏం తిన్నావు నాయనా?" అంది కల్యాణవల్లి. కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "నాయనమ్మ కాలు నువ్వు మర్చిపోయినావేమో, నేను మర్చిపోలేదు."

సౌందరరాజన్ వంటింటి గుమ్మం వైపు చూశాడు. తిన్నానని ఒప్పేసుకోమని అమృతవల్లి కళ్లతో సైగ చేస్తోంది. ఆ ఒక్క మాట అంటే నాలుగు తిట్లతో పోతుంది. కానీ ఆమె చేతిలో నీళ్ల చెంబు ఉంది. లేచిన దగ్గర్నుంచి అది మూడో చెంబు. వారంగా చూస్తూనే ఉన్నాడు, ఎండలకేమో అనుకున్నాడు. జబ్బు బయటపడకముందు తనకూ ఇదే దప్పి.

"అది నాది కాదమ్మా. మీ అమ్మది."

జరిగిందంతా చెప్పేశాడు. కల్యాణవల్లి గొట్టం పక్కన పెట్టి, తల్లి వైపు తిరిగి, నువ్వు తీపి ముట్టవు కదా, ఇదెట్లా వచ్చిందని అడిగింది.

అమృతవల్లి చెంబు కింద పెట్టింది. "గుడి నుంచి మీ నాయన తెచ్చే పొంగలి దొన్నె ఉండాది గదా. ఇంట్లో ఉంటే ఆయన తింటాడు. ప్రసాదం పారేయకూడదు. సంవత్సరంగా నేనే తినేస్తా ఉన్నా."

సౌందరరాజన్ పీట మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ రోజు ఎవరికీ అన్నం సయించలేదు.

మరునాడు ఇద్దరికీ రక్తపరీక్ష చేయించింది కల్యాణవల్లి. అమృతవల్లిది ఇంకా ముదరలేదని, ఒళ్లు తగ్గించి, తీపి మానేసి, రోజూ గంట నడిస్తే మందుల్లేకుండానే అదుపులో ఉండొచ్చని డాక్టరు చెప్పాడు. సౌందరరాజన్‌కు మాత్రం సూది తప్పలేదు. ఆయనే చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

ఇప్పుడు గోష్ఠిలో ఒక్క మెతుకు కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటాడు. మిగతాది పక్కన కూర్చున్నాయన చేతిలో పెడతాడు. దొన్నె ఇంటికి రాదు. తెల్లవారుజామున భార్యతో కపిలతీర్థం దాకా నడుస్తాడు. ఆమె ఆయాసపడితే ఆగుతాడు, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా అని అడుగుతాడు.

ఇంటికొచ్చేసరికి దీపం ముందు రెండు సీసాలుంటాయి. తన గొట్టం వైపు ఆయన చూడనే చూడడు. రెండోది పొంగి, చల్లారి, రంగు నిలిచేదాకా కూతురి వెనకే నిలబడతాడు.

"అమ్మది నీలమే నాయనా," అంది ఆ రోజు కల్యాణవల్లి, ఊపిరి వదులుతూ.

సౌందరరాజన్ కళ్లు తుడుచుకున్నాడు. "ఇంకొకసారి కాచి చూడమ్మా," అన్నాడు.